మొరవకు కట్టిన వల

నాగలాపురం వేదనారాయణస్వామి గుడికి మా అమ్మ నన్ను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నాకు ఏడేళ్లుంటాయి. అక్కడ విష్ణుమూర్తిది మత్స్యావతారం, నడుము కింద చేప రూపం. మార్చి నెలలో కొన్ని సాయంత్రాలు పొద్దుగూకే ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి మీద పడుతుంది. అది చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. ఆ రద్దీలో నిలబడి అమ్మ నాకు కథ చెప్పింది. రాజు దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమంది. కమండలంలో వేస్తే తెల్లారేసరికి అది చాలలేదు. కుండ చాలలేదు, చెరువు చాలలేదు, ఏరు కూడా చాలలేదు. చివరికి సముద్రంలో వదిలాడు.

తరవాత వచ్చే ప్రళయం, పడవ, వేదాలు అన్నీ విన్నాను గానీ, ఆ చేప మాటిమాటికీ "ఈ నీళ్లు నాకు చాలడం లేదు" అనడం నా మనసులో అట్లే ఉండిపోయింది. పెద్దయ్యాక జువాలజీ చదివాను. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. చేపల గురించి చదివే కొద్దీ ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తోంది. మన ప్రాంతపు చేప ఒక్క నీళ్లలో బతికేది కాదు. చెరువు నుంచి వంకకు, వంక నుంచి ఏటికి, ఏటి నుంచి మడుగుకు, మళ్లీ వెనక్కి తిరుగుతూ ఉంటుంది. మనం మాత్రం దాన్ని చెరువు చెరువుగా విడగొట్టి వేలం వేస్తున్నాం, లెక్క రాస్తున్నాం, వదిలిన పిల్లలు ఎన్నని చూస్తున్నాం. దాని దారి ఎట్లా ఉందో చూసే మనిషి లేడు.

మా ఊరు పిచ్చాటూరుకీ నాగలాపురానికీ మధ్య. పిచ్చాటూరు దగ్గర అరణియార్ డ్యామ్ ఉంది. ఆ ఏరు సురుటుపల్లి గుడి పక్కగా పోయి, ఊత్తుకోట మీదుగా తమిళనాడులో పారి, చివరికి పులికాట్ సరస్సులో కలుస్తుంది. మా చెరువు నిండి మొరవ, అంటే అలుగు, పారితే ఆ నీళ్లు వంకలో పడి ఆ ఏటికే చేరతాయి. అంటే మా చెరువులో చేపకు, అనుకుంటే, సముద్రం దాకా దారి ఉంది.

ఆ దారిని నేనూ ఒకసారి మూసినదాన్నే. నాకు పదకొండేళ్లప్పుడు ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు, నవంబరు మధ్య, పెద్ద వాన పడింది. మూడో రోజు రాత్రి మొరవ పారిందని ఊరంతా కేకలు. అన్న, నేను, ఇంకో నలుగురు పిల్లలు లాంతర్లు పట్టుకుని పరిగెత్తాం. మొరవ కింద రాతి మెట్ల మీద నీళ్లు జానెడు మందాన పారుతున్నాయి. ఆ పల్చటి నీళ్లలో పరక చేపలు ఎదురెక్కుతున్నాయి. ఒక్కొక్కటీ వేలెడంత. రాయి మీద పక్కకు వాలి, తోక టపటపా కొట్టుకుంటూ పాకుతాయి. సగం దాకా వచ్చి జారిపోతాయి. కింద గుంటలో కాసేపు తిరిగి మళ్లీ వస్తాయి. లాంతరు వెలుగులో వాటి పొలుసులు కొత్త రూపాయి బిళ్లల్లా మెరిశాయి. అన్న ఇంట్లోంచి పాత దోమతెర తెచ్చాడు. రెండు కొసలు రాళ్లకు కట్టి, కింది అంచు మీద మట్టి పోశాం. గంటలో బుట్టెడు చేపలు.

పొద్దున్నే అవ్వ వాటిని బూడిదతో రుద్ది కడుగుతూ ఒకదాని పొట్ట చీల్చి నాకు చూపించింది. లోపల పేగు కనబడనంతగా గుడ్లు. ఇంకోదాన్ని చీల్చింది. అదీ అంతే. బుట్టలో సగానికి పైగా కడుపుతో ఉన్నవే. అవ్వ ఏమీ అనలేదు. పులుసు పెట్టింది, తిన్నాం. గుడ్లు పంటి కింద పటపటమనడం బాగుందని నేను రెండోసారి వేయించుకున్నాను కూడా. ఆ బుట్టను ఇప్పుడు తలచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది.

ఆ వారమే, వంక ఒడ్డున గుడిసె వేసుకుని ఉండే యానాది తాత ఒకాయన మమ్మల్ని పిలిచి చెప్పాడు. "మొదటి నీళ్లకి ఎక్కే చేప కడుపుతో ఉంటాది పాపా. దాన్ని పట్టగూడదు. గుడ్డు పెట్టి దిగతాది గదా, అప్పుడు పట్టుకోవాల." ఆయన చేపలు పట్టే బుట్టల నోళ్లు ఎగువకు తిప్పి పెట్టేవాడు, దిగే నీళ్లకు ఎదురుగా. మాది ఎక్కే దారికి అడ్డంగా పెట్టిన దోమతెర. తేడా అంతే. ఆ తేడాలో ఎంత శాస్త్రం ఉందో నాకు అర్థం కావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఎమ్మెస్సీలో ఉండగా చేప వయసు కనిపెట్టడం మాకు ప్రాక్టికల్. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది, ఒటోలిత్ అంటారు. పెసరగింజకు అటూఇటుగా. దాన్ని తీసి, సానరాయి మీద అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో ఉన్నట్టు వలయాలు కనిపించాలి. ఏడాదికి ఒక వలయం. మా పాఠాల్లో ఉన్న బొమ్మలు చలి సముద్రాల చేపలవి. ఒక ముదురు గీత, ఒక లేత గీత, వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. నేను పెట్టిన రాయి మా చెరువు చేపది. గంట సేపు చూశాను. గీతలున్నాయి, లేవు. ఒక చోట మూడు కనిపిస్తాయి, పక్కకు జరిపితే ఐదు. నా చేత అరగదీయడం సరిగా రాలేదేమోనని టెన్షన్ పడి రెండో రాయి, మూడో రాయి తీశాను. అన్నీ అట్లే.

తప్పు నా చేతిది కాదు. చలి దేశాల్లో శీతాకాలం చేప ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, ఎండాకాలం మళ్లీ మొదలవుతుంది. అందుకే వాటి చెవిరాయిలో ఏడాదికొక గీత స్పష్టంగా పడుతుంది. మన నీళ్లకు అంత చలి ఎక్కడిది? ఇక్కడ చేప ఏడాది పొడవునా ఏదో ఒక మేరకు పెరుగుతూనే ఉంటుంది. వాన, ఎండ, గుడ్లు పెట్టే శ్రమ అన్నీ కలిసి కలగాపులగంగా గీతలు వేస్తాయి. 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త ఏడాది గీతల లోపల రోజువారీ గీతలు కూడా ఉన్నాయని చూపించాడు. అవి మన వేడి నీళ్ల చేపపిల్లల వయసు కట్టడానికి చాలా పనికొచ్చాయి. డేనియల్ పౌలీ అనే ఆయన ఇండోనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో పని చేస్తూ అసలు వయసే అక్కర్లేకుండా, బజారుకు వచ్చిన చేపల పొడవులు కొలిచి ఎదుగుదల లెక్కకట్టే పద్ధతి 1980 ప్రాంతంలో తయారుచేశాడు. తెల్లకోటు, పెద్ద ల్యాబు లేని దేశాల్లో కూడా స్కేలు ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. అప్పుడు నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చేపల్ని ఎట్లా చూసుకోవాలన్న శాస్త్రం చాలా వరకు చలి సముద్రాల్లో పుట్టింది. అక్కడ ఒక పడవ ఒక రకం చేప కోసం వెళుతుంది. ఆ ఒక్క రకం ఎంత ఉంది, ఏటా ఎంత పుడుతుంది, ఎంత పడితే తరగదు అని లెక్క వేస్తారు. మన దగ్గర ఒక్క వల లాగితే పరక, జెల్ల, బొమ్మిడాయి, వాలుగ, కొరమీను, రొయ్య, ఎండ్రకాయ అన్నీ కలిసి వస్తాయి. వాటిలో ఒకటి మరొకదాన్ని తింటుంది. ఒకటి బురదలో గుడ్డు పెడుతుంది, ఒకటి మునిగిన గడ్డికి అంటిస్తుంది. ఇన్నింటికీ కలిపి ఒకే అంకె ఎక్కడ తేవాలి? వలకు రకాన్ని ఏరుకోవడం రాదు. వేడి నీళ్ల చేపల మీద పని చేసిన వాళ్లు ఈ చిక్కును ఎప్పుడో ఒప్పుకున్నారు. అంకె దొరికే దాకా ఆగొద్దు, ముందు అవి గుడ్డు పెట్టే చోటు, పెట్టే సమయం కాపాడండి అన్నారు.

ఆ మాట గట్టిగా అన్నవాళ్లలో రాబర్ట్ జొహాన్నెస్ ఒకరు. 1970ల్లో పసిఫిక్ సముద్రంలోని పలావు దీవులకు వెళ్లి అక్కడి ముసలి మత్స్యకారుల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఏ చేప ఏ తిథికి, ఏ దిబ్బ దగ్గర గుంపు కట్టి గుడ్లు పెడుతుందో వాళ్లకు తెలుసు. అప్పటికి శాస్త్రం రాసుకున్న చేపల కంటే ఎన్నో ఎక్కువ రకాల సంగతి వాళ్లు చెప్పగలిగారు. ఏళ్ల తరబడి సర్వేలు చేసే డబ్బు లేని చోట ఈ తెలివినే ఆధారం చేసుకుని నియమాలు పెట్టుకోవచ్చని 1998లో ఆయన రాశాడు. అది చదివినప్పుడు నాకు మా వంక ఒడ్డు తాత గుర్తొచ్చాడు. ఆయన్ని అడిగి రాసుకున్న మనిషి ఎవరూ లేరు. నేనూ రాసుకోలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

చెరువుల్లో చేపపిల్లలు వదలడం తప్పని నేను అనను. అట్లా అంటే అన్యాయం. బొచ్చె, రోహు, మృగాల్ నిలవ నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే ఏరు కావాలి. ఒకప్పుడు వాటి పిల్లల్ని నదుల్లో వరదప్పుడు వలలతో పట్టి తెచ్చేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి వాటి చేత గుడ్లు పెట్టించాడు. కిలో బరువున్న రోహు ఆడచేప రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది. ఈ రోజు ఆంధ్రప్రదేశ్ చేపలు రైళ్లలో, లారీల్లో దేశమంతా పోతున్నాయంటే మూలం అక్కడుంది. ఆ తేదీన మనం జాతీయ చేపల రైతుల దినం జరుపుకోవడం న్యాయమే.

నా బాధ ఏమిటంటే, ఆ విజయం చూసి మనం చెరువును తొట్టి అనుకోవడం మొదలుపెట్టాం. తొట్టిలో పిల్లల్ని పోస్తాం, నీళ్లు ఎండే ముందు మొత్తం ఊడ్చేస్తాం, వచ్చే ఏడాది మళ్లీ పోస్తాం. పోసినవి ఎన్ని అన్నదే లెక్క. ఫోటో తీసుకునేదీ అక్కడే. పోయని చేప, అంటే ఎవరూ వదలకుండానే తనంతట తాను చెరువులో పుట్టే చేప, ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. వేలం పాడినవాడికి అది కలుపు మొక్కతో సమానం. మా చెరువుల్లో ఎవరూ పైసా పెట్టకుండా, వందల ఏళ్లుగా పుడుతూ వచ్చింది ఆ చేపే.

కొరమీను సంగతి ఒకసారి చూడండి. దాని పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా, నారింజ రంగులో, వందల కొద్దీ ఒక ముద్దలా నీళ్ల పైన తిరుగుతాయి. దూరం నుంచి చూస్తే ఎవరో కుంకుమ చల్లినట్టు ఉంటుంది. ఆ ముద్ద కింద, అర అడుగు లోతులో, తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఏ చేప దగ్గరికొచ్చినా మీద పడి తరుముతుంది. గాలం వేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ ఎర్ర ముద్ద మధ్యలోకి కప్పపిల్లను గుచ్చి వేస్తారు. పిల్లల మీదికి వచ్చిందనుకుని కాపలా చేప కోపంతో నోటితో పట్టుకుంటుంది. కిలోన్నర చేప ఒడ్డుకొస్తుంది. మంచి రేటు. తరవాత ఆ ఎర్ర ముద్ద ఏమవుతుందో మా ఊరి చెరువు కట్ట మీద కూర్చుని నేను చూశాను. పావుగంటలో జిలేబి చేపలు చుట్టుముట్టాయి. సాయంత్రానికి నీళ్ల మీద ఎరుపు లేదు.

జిలేబి అని మా వైపు అనేది తిలాపియాను. అది మన చేప కాదు, ఆఫ్రికాది, 1952లో మన దేశానికి తెచ్చారు. తక్కువ ఖర్చుతో తిండి దొరుకుతుందన్న మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. అది నోట్లో పిల్లల్ని పెట్టుకుని పెంచుతుంది, ఏడాదికి ఎన్నోసార్లు గుడ్లు పెడుతుంది, మురికి నీళ్లలో కూడా బతుకుతుంది. తరవాత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వచ్చింది. దాన్ని కేంద్రం నిషేధించింది, అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆక్వేరియంలో అద్దాలకు పట్టిన పాచి నాకడానికి తెచ్చిన దెయ్యం చేప వాగుల్లో పడుతోంది. మన చేపను ఎంత బలహీనం చేస్తే వీటికి అంత చోటు.

వేలం పాడిన వాళ్లను తిట్టడం తేలిక. మా చెరువు పాడుకున్నాయన నాకు మామ వరస. ఒక పండక్కి ఊరికి పోయినప్పుడు మొరవకు సన్న కన్ను వల కట్టి ఉండటం చూసి, "మామా, ఆ వల ఎందుకు? చేప ఎక్కడానికి లేకుండా చేసినావే" అన్నాను.

"నువ్వు చెప్పేది బాగానే ఉంది పాపా," అన్నాడు ఆయన. "నేను అప్పు తెచ్చి పిల్లల్ని వదిలినాను. మొరవ పారితే అవన్నీ వంకలో పడి కొట్టుకుపోతాయి. ఆ నష్టం ఎవరు తీరుస్తారు? నీళ్లు ఉండేదే ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో నా అప్పు తీరాల."

ఆయన మాటలో అబద్ధం ఏమీ లేదు. 2021 నవంబరు వానలు ఎవరు మరిచిపోతారు? తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతున్నాయని కింద ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ వారం మా వైపు చెరువులన్నీ మొరవలు పారాయి. మామ ఆ ఏడాది వదిలిన పిల్లల్లో ఎన్ని మిగిలాయో ఆయనకే తెలియదు. రోడ్డు మీద జనం చీరలతో చేపలు పట్టుకుంటుంటే ఆయన కట్ట మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అటువంటి మనిషికి పోయి పర్యావరణం పాఠం చెబితే నోరు మూసుకోమంటాడు, అనాలి కూడా.

అందుకే నేను అడిగేది చిన్నది. మొదటి వరద పారే రోజులు వేరు, చెరువు నిండి నిలిచాక వచ్చే రోజులు వేరు. వంకల్లో, గుంటల్లో మిగిలిన చేప కొత్త నీటి వాసనకు కదిలి ఎదురెక్కేది ఆ మొదటి కొన్ని రాత్రులే. చెరువులో చేప కూడా ఆ రోజుల్లోనే పైనుంచి వచ్చే కాలువలోకి ఎక్కి, గడ్డి మునిగిన చోట గుడ్లు పెడుతుంది. వేడి దేశాల నదుల్లో చేపల పంట మొత్తం ఈ వరద పోటు మీదే ఆధారపడి ఉంటుందని జుంక్, బేలీ, స్పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1989లో రాశారు. అమెజాన్ లాంటి మహానదుల్ని చూసి చెప్పిన మాట అది. మా వంక దాని ముందు ఎంత? కానీ నీళ్లు ఒడ్డు దాటి గడ్డిని ముంచడం, ఆ గడ్డిలో పురుగు పుట్టడం, ఆ పురుగును తిని చేపపిల్ల బతకడం అన్న వరస ఇక్కడా అదే. బొచ్చె, రోహు పిల్లల్ని ఆ మొదటి వరద తగ్గాక వదిలితే మామకు నష్టం లేదు. అప్పటిదాకా మొరవకు వల కట్టే పని లేదు. పిల్లల్ని వదిలాక కట్టుకోనీ, ఎవరు కాదన్నారు?

ఇంకోటి ఎండాకాలం సంగతి. చెరువు అడుగంటే వేళకు మోటార్లు పెట్టి ఆఖరి గుంట కూడా తోడి ఊడ్చేస్తారు. తూముకు దూరంగా, కట్ట వారన ఒక మడుగు లోతుగా తీసి, ఆ నీళ్ల జోలికి పోకుండా వదిలితే చాలు. వచ్చే వానకు విత్తనం అదే. పూడిక తీసే పనులు ఉపాధి హామీ కింద ఏటా జరుగుతూనే ఉంటాయి. ఆ పనిలోనే ఒక మూల లోతు చేయిస్తే వేరే ఖర్చు లేదు.

ఇది చేయించడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1897 నాటి భారత మత్స్య చట్టం డైనమైట్ పెట్టి, విషం కలిపి చేపలు పట్టడం నేరమని చెప్పింది. రెండు నెలల దాకా జైలు లేదా 200 రూపాయల దాకా జుర్మానా అని అప్పట్లోనే రాశారు. అదే చట్టంలో పాతిపెట్టే వలలు, అడ్డుకట్టలు, వల కన్ను సైజు మీద నియమాలు చేసే అధికారం ఉంది. ఒక చోట కొంతకాలం వేట పూర్తిగా ఆపే అధికారం కూడా ఉంది. సముద్రంలో ఆ ఆలోచన వచ్చింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు కదలవు. గుడ్లు పెట్టే కాలమని కోట్ల రూపాయల పడవలు రేవులో కట్టేసి కూర్చుంటున్నారు. సముద్రానికి 61 రోజులు ఇవ్వగలిగిన వాళ్లం చెరువుకు ఐదు రాత్రులు ఇవ్వలేమా?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సూళ్లూరుపేట, తడ, వాకాడు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండ జిల్లా అనుకున్నది ఒక్క రోజులో సముద్రం ఉన్న జిల్లా అయింది. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఇప్పుడు మాదే. చిలికా తరవాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చాలా చోట్ల నిలబడితే నడుము లోతు కూడా ఉండదు. శీతాకాలం ఫ్లెమింగోలు వస్తే వాటిని చూడటానికి జనం వెళ్తారు, పండగ చేస్తారు. నేనూ పిల్లల్ని తీసుకెళ్లాను. తడ దగ్గర బీవీ పాలెం రేవులో పిల్లలు పక్షుల కోసం ఆకాశం చూస్తుంటే, ఒక మత్స్యకారుడి భార్య ఒడ్డున కూర్చుని రొయ్యల్ని ఏరుతోంది. మా అమ్మాయిల్లో ఒకతె, "అక్కా, ఇవి ఇక్కడే పుడతాయా?" అని అడిగింది. "పుట్టేది సముద్రంలోమ్మా. పెరిగేదానికి ఈడికొస్తాయి. పెద్దయి మళ్లా పోతాయి. మొగ మూసుకుపోతే రావు," అందామె, చేతిలో పని ఆపకుండా. మొగ అంటే సరస్సు సముద్రంతో కలిసే నోరు.

నేను నెల రోజులు బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పే పాఠం అది. పెద్ద రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు ఆటుపోటుల మీద తేలుతూ సరస్సు మొగ గుండా లోపలికొస్తాయి. ఆ పల్చటి, వెచ్చటి, ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో కొన్ని నెలలు పెరిగి తిరిగి సముద్రానికి పోతాయి. మలుగుపాము దారి కూడా ఇట్లాంటిదే. అది సముద్రంలో పుట్టి మంచినీళ్లలో పెరగడానికి ఏరులెక్కి పోయి, ముసలిదయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికి దిగుతుంది. ఇసుక మేట వేసి మొగ మూసుకుపోయినా, పైనుంచి అరణియార్, కాళంగి, స్వర్ణముఖి నీళ్లు సరిగా రాకపోయినా ఆ సరస్సు ఉప్పు తేలుతుంది, చేప తగ్గుతుంది. మొగ దగ్గర ఇసుక తోడితే సగం పని. పైన మా ఊళ్లలో వంక మూసేస్తే కింద తడలో పడవ ఖాళీగా వస్తుందన్నది మిగతా సగం. స్వర్ణముఖి తిరుపతి దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుకనూ మిగలనివ్వడం లేదు.

పులికాట్‌లో తమిళనాడు వైపు మత్స్యకార గ్రామాల్లో 'పాడు' అనే పద్ధతి ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లను వంతుల ప్రకారం పంచుకుంటారు. ఇవాళ నీది మంచి చోటు, రేపు నాది. అందరి ఆస్తి అయితే అందరూ దోచుకుని పాడు చేస్తారని పాఠ్యపుస్తకాలు చెప్పే కాలంలో, ఊళ్లు తమంతట తాము నియమాలు పెట్టుకుని నీళ్లనూ అడవినీ నిలబెట్టుకోగలవని చూపించినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆమె చెప్పినట్టు పద్ధతి మన గడప ముందే ఉంది. అయితే పాడు హక్కు కులంతో, ఊరితో ముడిపడి ఉంటుంది. బయటివాళ్లకు వాటా లేదు. నీళ్లలో నిలబడి చేతులతో తడిమి రొయ్యలు పట్టే వాళ్లకు ఆ వంతుల్లో చోటు ఇవ్వకుండా దాన్ని గొప్ప నమూనా అని పొగడలేను. వంతుల నియమం తీసుకుందాం, గోడ వదిలేద్దాం.

మా అమ్మకు పరకల పులుసు చిన్నప్పుడు వారానికి రెండుసార్లు. నాకు నెలకు ఒకసారి. మా అబ్బాయికి చేప అంటే షాపులో ముక్కలు కోసి కవర్లో వేసే బొచ్చె. వాడికి అదే మామూలు. ప్రతి తరం తాను చిన్నప్పుడు చూసిందే అసలు స్థితి అనుకుంటుంది, అంతకు ముందు పోయినదాన్ని లెక్కలోకి తీసుకోదు అని పౌలీయే 1995లో రాశాడు. పోయింది రుచి ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. చిన్న చేపను ముల్లుతో, తలతో సహా తింటాం. కాల్షియం, విటమిన్ ఏ ఉండేది అక్కడే. పెద్ద చేప ముక్కలో అవి తక్కువ. బంగ్లాదేశ్ చెరువుల చిన్న చేపల మీద ఏళ్ల తరబడి పని చేసి ఈ సంగతి నిరూపించిన శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. మన వైపు రక్తహీనతతో బాధపడే ఆడపిల్లలు నా క్లాసులోనే కనబడతారు. వాళ్ల ఊరి చెరువులో పుట్టే తిండిని కలుపు అని ఊడ్చేసి, వాళ్ల చేతిలో మాత్రలు పెడుతున్నాం.

పోయిన ఐప్పసికి మామకు మళ్లీ ఫోన్ చేశాను. పిల్లల్ని తెచ్చే వ్యాను ఇంకా వారానికి గానీ రాదన్నాడు. "అయితే ఆ వారం వల విప్పేయి మామా, నీకు పోయేదేముంది?" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మూడు రాత్రులు. అంతకు మించి అడగొద్దు," అన్నాడు.

రెండో రాత్రి నేను ఊళ్లో ఉన్నాను. మొరవ రాళ్ల మీద నీళ్లు జానెడు మందాన పారుతున్నాయి. టార్చిలైటు వేస్తే మొదట ఏమీ కనబడలేదు. అరగంట నిలబడ్డాం. మామ నాలుగోసారి "ఇంక లేవు పాపా, పోదాం" అంటుండగా మెట్టు మీద ఒక పరక పక్కకు వాలి పాకింది. జారిపోయింది. మళ్లీ వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. నా చిన్నప్పుడు చూసిన గుంపుతో పోలిస్తే అవి ఏ మూలకూ రావు. మామ కిందికి వంగి వాటినే చూస్తున్నాడు. ఒకటి పై మెట్టు దాటి చెరువు నీళ్లలో పడ్డాక, "ఎక్కింది," అన్నాడు మెల్లగా.

నాలుగో రోజు పొద్దున వల మళ్లీ కట్టేశాడు. ఈ ఏడాది ఐదు రాత్రులు అడుగుతాను.